బెల్లం పొయ్యి రేడియేషన్ కొలవడానికి ఐఆర్ గన్ చాలుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఫైనలియర్ మెకానికల్ ప్రాజెక్టు. చిత్తూరు పక్క పల్లెలో బెల్లం వండే పొయ్యి ముందు కూర్చుని చెరకు పిప్పి ఎగదోసే మనిషి మీద ఎంత థర్మల్ రేడియేషన్ పడుతోందో చదరపు మీటరుకు వాట్లలో చెప్పాలి. మీ దగ్గర 1,100 డిగ్రీల దాకా చూపే ఐఆర్ గన్ (తాకకుండా దూరం నుంచే ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు) ఉంది. దాని రీడింగును, ఉష్ణోగ్రతను బట్టి ఎంత వెదజల్లుతుందో చెప్పే స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో వేస్తే ఒకసారి వచ్చిన జవాబు ఇంకోసారి దాదాపు రెట్టింపు అవుతోంది. గైడ్ ఒప్పుకోవడం లేదు. వేరే మీటరు కొనాలా అని అడిగారు.

గన్ చాలదు. అలాగని ఖరీదైన మీటరూ అక్కర్లేదు. గన్ చెప్పేది పొయ్యి ఎంత వేడిగా ఉందన్న అంచనా మాత్రమే. మీకు కావలసింది మనిషి కూర్చున్న చోట ఎంత పడుతోందన్నది. దాన్ని అక్కడే కొలవాలి. రెండు రాగి బిళ్ళలు, ఉష్ణోగ్రత చదివే థర్మోకపుల్ తీగలు రెండు, కాస్త మసి ఉంటే పది శాతం తేడాలోపు కొలవొచ్చు. ఎలాగో కింద రాస్తాను. తిరుపతి, చిత్తూరు వైపు ఫ్యాక్టరీల్లో ఫర్నేసుల ఇన్‌స్ట్రుమెంట్లు చూడటం, కాలిబ్రేట్ చేయడం నా పని. కాబట్టి ఇది పుస్తకం మాటకన్నా పని మాట అనుకోండి.

ముందు ఒక చిక్కు విప్పాలి. పుస్తకంలో ఇంటెన్సిటీ అని ఉన్నదీ, మీరు కొలవాలనుకుంటున్నదీ ఒకటి కాదు. పుస్తకం ప్రకారం ఇంటెన్సిటీ అంటే ఒక దిక్కులో, ఒక స్టెరేడియన్ (ఘన కోణానికి కొలమానం) కోణంలోకి, ఆ దిక్కుకు ఎదురుగా ఉన్న చదరపు మీటరు నుంచి వెళ్ళే వాట్లు. మీకు కావలసినది ఫ్లక్స్, అంటే అన్ని దిక్కుల నుంచీ వచ్చి ఒక చదరపు మీటరు మీద పడే వాట్లు. ట్యూబ్‌లైటును దగ్గర నుంచి చూసినా వీధి చివరి నుంచి చూసినా దాని గాజు అంతే తెల్లగా కనిపిస్తుంది. కానీ దాని వెలుగులో పుస్తకం చదవాలంటే దగ్గరకు పోవాల్సిందే. మొదటిది ఇంటెన్సిటీ, దూరంతో మారదు. రెండోది ఫ్లక్స్, దూరంతో పడిపోతుంది. గన్ చూసేది మొదటి రకాన్ని. అందుకే ఒక మీటరు దూరంలో నిలబడినా రెండు మీటర్ల దూరంలో నిలబడినా, గన్ చూసే వృత్తం పొయ్యి నోట్లో ఇమిడినంతవరకు అదే అంకె చూపిస్తుంది. ఒళ్ళు మాత్రం ఒక మీటరు దగ్గరే ఎక్కువ కాలుతుంది.

ఉపరితలం అన్ని దిక్కులకూ ఒకేలా వెదజల్లేదైతే, దాని మొత్తం ఎమిసివ్ పవర్‌ను (చదరపు మీటరు నుంచి అన్ని దిక్కులకూ వెళ్ళే వాట్లను) 'పై'తో భాగిస్తే ఇంటెన్సిటీ వస్తుంది. రెండుతో కాదు. వైవాలో చాలామంది ఇక్కడే దొరికిపోతారు. అర్ధగోళపు కోణం రెండు 'పై' అయినా, పక్కకు వాలిన కిరణాలకు కొసైన్ తగ్గింపు పడి 'పై' దగ్గర ఆగుతుంది.

ఇక గన్ జవాబు ఎందుకు ఊగుతోందో చూద్దాం. స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో ఉష్ణోగ్రత నాలుగో ఘాతంలో ఉంటుంది. పొయ్యి 800 డిగ్రీలు అంటే 1,073 కెల్విన్, దానికి చదరపు మీటరుకు 75 కిలోవాట్లు వస్తాయి. 1,000 డిగ్రీలు అంటే 1,273 కెల్విన్, దానికి 149 కిలోవాట్లు. గన్ మీద 200 డిగ్రీల తేడా పెద్దగా అనిపించదు, జవాబు మాత్రం దాదాపు రెట్టింపు. (273 కలపకుండా సెల్సియస్‌నే ఘాతానికి ఎక్కించే మహానుభావులూ ఉన్నారు. మీరు ఆ జాబితాలో లేరనుకుంటున్నాను.)

ఆ 200 డిగ్రీల తేడా వచ్చింది కూడా మీ చెయ్యి వణికి కాదు. ఇలాంటి గన్‌లు ఎక్కువగా 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య తరంగాలనే చూస్తాయి. గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అడ్డు తగలకుండా ఆ కిటికీని కావాలనే ఎంచుకున్నారు. మంటలోని వాయువులు బాగా వెదజల్లేదేమో 2.7, 4.3 మైక్రాన్ల దగ్గర. అంటే పొగ లేని పలచని మంటను గన్ దాటిపోయి వెనక ఇటుక గోడను చూస్తుంది. మసితో నిండిన పసుపు మంట లేస్తే ఆ మసినీ గోడనూ కలిపి చూస్తుంది. పచ్చి పిప్పి తోసిన క్షణంలో చల్లటి పిప్పినే చూస్తుంది. మూడూ నిజమైన రీడింగులే, మూడూ వేరు. పైగా 1,100 కెల్విన్ దగ్గర రేడియేషన్ శిఖరం 2.6 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. గన్ చూస్తున్నది ఆ కొండ తోకను. తోక చూసి కొండ ఎత్తు చెప్పేటప్పుడు, మీరు సెట్టింగు మార్చకపోతే, ఎమిసివిటీ (పూర్తిగా వెదజల్లే వస్తువుతో పోలిస్తే ఎంత వంతు వెదజల్లుతుందన్నది) 0.95 అని సాధారణంగా అదే ఊహించుకుంటుంది.

ఎర్ర లేజర్ చుక్క కొలత చోటు కాదని కూడా గుర్తుంచుకోండి. అది గురి చూపడానికే. గన్ మీద 12:1 అని ఉంటే, 1.8 మీటర్ల దూరం నుంచి అది 15 సెంటీమీటర్ల వెడల్పు వృత్తాన్ని సగటు చేసి చూపిస్తోందని అర్థం.

ముందు కాగితం మీద అంచనా వేయండి. కొలతకు ముందే ఏ అంకె రావాలో తెలిసి ఉండాలి, లేదంటే తప్పు రీడింగును గుర్తుపట్టలేరు. పొయ్యి నోరు 40 సెంటీమీటర్ల చదరం అనుకుందాం, లోపల 1,100 కెల్విన్. చిన్న నోరున్న వేడి గుహ దాదాపు బ్లాక్‌బాడీలా, అంటే పూర్తిగా వెదజల్లే వస్తువులా, ప్రవర్తిస్తుంది కాబట్టి ఎమిసివిటీ 1 అనుకోవచ్చు. అప్పుడు నోటి దగ్గర చదరపు మీటరుకు 83 కిలోవాట్లు. దాన్ని నోటి వైశాల్యం 0.16తో గుణించి, 'పై'తోనూ దూరం వర్గంతోనూ భాగిస్తే ఎదురుగా కూర్చున్న మనిషి మీద పడేది వస్తుంది. మీటరు దూరంలో 4.2 కిలోవాట్లు, మీటరున్నరకు 1.9, మూడు మీటర్లకు అర కిలోవాటు కన్నా తక్కువ. దూరం నోటి వెడల్పుకు ఐదు రెట్లు ఉంటే ఈ లెక్కలో తప్పు ఒక శాతం. మీటరు దూరంలో ఐదు శాతం. అర మీటరుకు వచ్చేసరికి 20 శాతం ఎక్కువ చూపిస్తుంది, అక్కడ వ్యూ ఫ్యాక్టర్ (పొయ్యి నోరు వదిలినదాంట్లో ఎంత వంతు మనిషికి చేరుతుందో చెప్పేది) పూర్తి సూత్రం వాడాలి. లాబ్‌లో ఇన్వర్స్ స్క్వేర్ ప్రయోగం (దూరం వర్గంతో ఫ్లక్స్ తగ్గుతుందని చూపేది) వేడి ప్లేటుకు దగ్గరగా చేస్తే గ్రాఫు వంగిపోయేది ఇందుకే, పరికరం చెడిపోయి కాదు.

ఇప్పుడు బిళ్ళ సంగతి. దీన్ని స్లగ్ కెలోరిమీటర్ అంటారు. సూత్రం చాలా సులువు. తెలిసిన బరువున్న లోహం ఎంత వేగంగా వేడెక్కుతోందో చూస్తే ఎంత శక్తి లోపలికి పోతోందో తెలుస్తుంది. 3 మిల్లీమీటర్ల మందం రాగి రేకు నుంచి పాతిక మిల్లీమీటర్ల బిళ్ళలు రెండు కోయించండి. వెనక నడుమ చిన్న గుంట చేసి కె టైప్ థర్మోకపుల్ కొసను దాంట్లో పెట్టి టంకం వేయండి. టేపుతో అంటిస్తే ఒప్పుకోను, గాలి ఉష్ణోగ్రత కలిసిపోతుంది. బిళ్ళ వెనకా అంచులకూ సిరామిక్ ఊలు దట్టించి, ముఖం ఒక్కటే బయటికి కనపడేలా పెట్టండి.

మొదటి బిళ్ళ ముఖానికి నలుపు. బైకు సైలెన్సర్లకు కొట్టే మ్యాట్ బ్లాక్ స్ప్రే సరిపోతుంది. ఇంకా మంచిది మసి. తిరుపతిలో కర్పూరానికి కరువా? వెలిగించి బిళ్ళను పైన పట్టుకోండి, ముఖమంతా సమంగా మసి పడుతుంది. దాని శోషణ, అంటే పడినదాంట్లో పట్టుకునే వంతు, 0.95 దాకా ఉంటుంది. వేలు తగిలితే మాత్రం పోతుంది. రెండో బిళ్ళ ముఖానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముడతల్లేకుండా అంటించండి. దాని శోషణ 0.05 చుట్టూ ఉంటుంది.

రెండోది ఎందుకంటారా? పొయ్యి నోటి నుంచి రేడియేషన్ ఒక్కటే రాదు, వేడి గాలి కూడా ఎగదన్నుతుంది. ఆ గాలి నల్ల బిళ్ళనూ మెరిసే బిళ్ళనూ ఒకేలా తాకుతుంది. రేడియేషన్‌ను మాత్రం నల్లది పట్టుకుంటుంది, మెరిసేది తోసేస్తుంది. రెండింటి వేగాల తేడాయే రేడియేషన్. 1804లో జాన్ లెస్లీ ఒకే వేడినీళ్ళ పెట్టెకు నల్ల ముఖం, మెరిసే ముఖం పెట్టి, వాటి నుంచి వచ్చే వేడిలో తేడా చూపించాడు. మనం అదే కిటుకును వచ్చే వేడి మీద వాడుతున్నాం.

లెక్క ఇలా. రాగి సాంద్రత 8,960, విశిష్టోష్ణం 385, మందం 0.003 మీటరు. మూడూ గుణిస్తే 10,350 జౌళ్ళు. అంటే చదరపు మీటరు రాగి ఒక డిగ్రీ పెరగడానికి అంత కావాలి. నల్ల బిళ్ళ సెకనుకు 0.40 డిగ్రీలు, ఫాయిల్ బిళ్ళ 0.04 డిగ్రీలు పెరిగాయనుకోండి. తేడా 0.36. దాన్ని 10,350తో గుణించి, శోషణల తేడా 0.90తో భాగిస్తే 4,140 వాట్లు. ఇందాకటి కాగితం లెక్కలో మీటరు దూరానికి వచ్చిన అంకె పక్కనే ఉంది కదా.

రెండు బిళ్ళలనూ పక్కపక్కన పెట్టి, ముందు ఒక రేకు అడ్డం పెట్టి, ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నాక రేకు తీసేయండి. 20, 30 సెకన్లు చాలు. మొదటి భాగపు వాలునే తీసుకోండి. బిళ్ళ వేడెక్కేకొద్దీ తిరిగి గాలికి వదిలేస్తుంది కాబట్టి గ్రాఫు వంగుతుంది. వంగిన భాగాన్ని కూడా కలిపి సగటు తీస్తే తక్కువ వస్తుంది. ఆర్డుయినోకు తగిలించే మాక్స్ 6675 బోర్డు పావు డిగ్రీ మెట్లలో చదువుతుంది, ఈ పనికి చాలు. కిలోవాటు కన్నా తక్కువ పడే దూరాల్లో మెట్లు మరీ తక్కువ వస్తాయి, అక్కడికి ఒకటిన్నర మిల్లీమీటర్ల బిళ్ళలు చేసుకోండి, వేగం రెట్టింపవుతుంది.

రేకు అడ్డం పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. 35 డిగ్రీల నల్ల బిళ్ళ కూడా తను చదరపు మీటరుకు 510 వాట్ల దాకా వదులుతూనే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలకు చేరిన షెడ్డు గోడ 580 దాకా వదులుతుంది. ఇవన్నీ చుట్టూ ఉన్న రేడియేషనే. రేకు ఉన్నప్పుడు బిళ్ళ చుట్టుపక్కలతో సర్దుకుని ఉంటుంది, తీసిన తర్వాత కనిపించేది పొయ్యి అదనంగా ఇచ్చింది. ఆ రేకు మాత్రం పొయ్యి ముందే ఉండి కాలిపోకూడదు. పొయ్యి వైపు ఫాయిల్ అంటించండి, రెండు కొలతల మధ్య పక్కకు తీసి చల్లారనివ్వండి.

నాకు తెలిసిన ఒక పొయ్యి దగ్గర ఇదే కొలిచినప్పుడు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది పరికరం కాదు, పిప్పి. తోసిన వెంటనే నోరు మూసుకుపోయి రీడింగు పడిపోతుంది. అంటుకున్నాక ఒక్కసారిగా లేస్తుంది. మంట కాస్త తగ్గగానే మళ్ళీ తోస్తారు. ఏదో ఒక క్షణంలో తీసిన అంకెకు విలువ లేదు. తోయడం నుంచి తోయడం వరకు మొత్తం చక్రంలో వేర్వేరు చోట్ల కొలిచి, గరిష్ఠం, సగటు రెండూ రాయండి. ఎత్తు కూడా ముఖ్యమే. నోరు కిందకి ఉంటుంది కాబట్టి మోకాళ్ళ దగ్గర పడేది ముఖం దగ్గర పడేదానికన్నా ఎక్కువ. బిళ్ళ నోటికి సూటిగా ఎదురు ఉండాలి. 60 డిగ్రీలు పక్కకు తిరిగితే సగమే చూపిస్తుంది.

కొనే మీటర్ల గురించి కూడా అడిగారు కాబట్టి చెప్తాను. ఫర్నేసుల దగ్గర, మంటల పరీక్షల్లో వాడేవి ముఖ్యంగా రెండు రకాలు. గార్డన్ గేజ్ 1953లో వచ్చింది. పలచని కాన్‌స్టాంటన్ (రాగి, నికెల్ మిశ్రలోహం) రేకు అంచులను నీళ్ళతో చల్లబడే రాగికి అతికిస్తారు, నడుమకూ అంచుకూ మధ్య ఉష్ణోగ్రత తేడా ఫ్లక్స్‌ను చెబుతుంది. ష్మిట్-బోల్టర్ గేజ్‌లో పలచని పొర రెండు వైపులా ఉష్ణోగ్రత తేడాను థర్మోపైల్ (వరసగా కలిపిన థర్మోకపుల్‌లు) చదువుతుంది. రెండూ గాలి వేడినీ కలిపే చూపిస్తాయి, రేడియేషన్‌ను విడదీయాలంటే ముందు నీలమణి లాంటి కిటికీ బిగించాలి, ఆ కిటికీ ఎంత ఆపేస్తుందో సరిదిద్దాలి. మంచి పరికరాలే. ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు కొనమని ఎవరికీ చెప్పను. ఏదైనా పెద్ద లాబ్ ఒకరోజు అరువిస్తే మీ బిళ్ళను దానితో పోల్చుకోండి, అదే కాలిబ్రేషన్.

కొనకూడనివి చెప్పడం ఇంకా అవసరం. సోలార్ వాళ్ళు ఎండ కొలిచే పైరనోమీటర్ దొరుకుతుంది కదా అని పొయ్యి ముందు పెట్టకండి. దాని గాజు గుమ్మటం సుమారు 3 మైక్రాన్ల దాకానే లోపలికి వదులుతుంది. 1,100 కెల్విన్ పొయ్యి రేడియేషన్‌లో అంతలోపు ఉండేది మూడో వంతే. మిగతా రెండు వంతులు గాజు దగ్గరే ఆగిపోతాయి, మీటరు మాత్రం ఏ గొడవా లేనట్టు మూడో వంతు అంకె చూపిస్తుంది. లక్స్ మీటరు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది కంటికి కనిపించే వెలుగునే లెక్కపెడుతుంది. ఎండ కొలిచేటప్పుడు కూడా ఒక్కోదానికి ఒక్కో పరికరం. తిరుమలలో అన్నదానం వంటకు ఆవిరి ఇవ్వడానికి పెట్టిన సోలార్ డిష్‌ల లాంటివాటికి సూర్యుడి నుంచి నేరుగా వచ్చే కిరణాలే పనికొస్తాయి, కాబట్టి అక్కడ పైర్‌హీలియోమీటర్ కావాలి. మబ్బు పలచగా కమ్మిన రోజు పైరనోమీటర్ బాగానే చూపిస్తుంది, డిష్ మాత్రం ఆవిరి ఇవ్వదు. రాత్రి ఆకాశం నుంచి కిందికి వచ్చే పొడవు తరంగాలకు వాతావరణ పరిశోధన కేంద్రాల్లో పైర్జియోమీటర్ వాడతారు.

బిళ్ళ సరిగ్గా చదువుతోందా అని ఎండలో చూసుకోవచ్చు. నిర్మలమైన మధ్యాహ్నం పైరనోమీటర్ పక్కన, అదే వాలులో పెట్టి పోల్చండి. అయితే ఒక జాగ్రత్త. ఎండకు నల్లగా ఉన్నది ఇన్‌ఫ్రారెడ్‌కూ నల్లగా ఉండాలని లేదు. తెల్ల పెయింట్ ఎండను బాగా తోసేస్తుంది, పొడవు ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రం 0.9 దాకా పట్టేస్తుంది. మసి, మ్యాట్ బ్లాక్ రెండింటికీ దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టే ఎండ పరీక్ష ఇక్కడ చెల్లుతుంది.

ఇక అంకె వచ్చాక దాంతో ఏం చేయాలి? అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 521 ప్రమాణంలో ఫ్లేర్ మంటల (రిఫైనరీల్లో మిగులు వాయువును కాల్చే మంటల) దగ్గర పనిచేసేవాళ్ళ కోసం ఇచ్చిన హద్దులు ఉపయోగపడతాయి. తగిన బట్టలు వేసుకున్న మనిషి నిరంతరం ఉండగలిగేది 1.58 కిలోవాట్లు. 4.73 దగ్గర రెండు మూడు నిమిషాల పని. 6.31 దగ్గర అర నిమిషం. పోలికకు, మధ్యాహ్నపు ఎండ ఒక కిలోవాటు చుట్టూ ఉంటుంది. పొయ్యి దగ్గర మనిషి లుంగీ, తలగుడ్డతో గంటల తరబడి కూర్చుంటాడు, కాబట్టి ఆ హద్దులు అతనికి ఇంకా తగ్గించే చదవాలి. మీ గైడ్ పనివాళ్ళ ఆరోగ్యం కోణం అడిగితే ఫ్లక్స్ ఒక్కటే చాలదు. చెమట ఆరే వీలు, గాలి కూడా కలవాలి, దానికి 150 మిల్లీమీటర్ల నల్ల గోళం, తడి గుడ్డ థర్మామీటరుతో డబ్ల్యూబీజీటీ (వీటన్నిటినీ కలిపి ఒక అంకెగా చెప్పే వేడి సూచిక) తీయాలి. గోళం నిలకడకు రావడానికి 20 నిమిషాలు పడుతుంది, తొందరపడొద్దు.

ప్రాజెక్టులో పరిష్కారం కూడా చూపించాలంటే అడ్డు రేకు మంచి ఎంపిక, కానీ దాన్నీ కొలిచే రాయండి. రేణిగుంట పక్కన ఒక చిన్న ఫౌండ్రీలో కరిగిన ఇనుము పోసేచోట కొత్త అల్యూమినియం రేకు నిలబెట్టారు. మొదట్లో వెనక బిళ్ళ పెడితే దాదాపు ఏమీ రాలేదు, అందరూ సంబరపడ్డారు. కొన్ని వారాలకు ఇసుక దుమ్ము, పొగ పట్టి రేకు బూడిదరంగుకు మారింది. మెరుపు పోయిన రేకు వేడిని తోసేయడం మానేసి మింగడం మొదలుపెట్టింది, తను కాలి వెనక్కి వెదజల్లింది. దాని వెనక ఇంకో రేకు పెట్టి, రెండింటి మధ్య వేలు పట్టేంత సందు వదిలి, ముందుదాన్ని వారానికోసారి తుడిచే ఏర్పాటు చేశాక మళ్ళీ దారికొచ్చింది. బెల్లం పొయ్యి దగ్గర మసి ఇంకా ఎక్కువ, తుడిచే పని ఎవరిదో కూడా రాయండి.

గన్‌ను పారేయకండి. పొయ్యి బయటి గోడ, పెనం అంచు, షెడ్డు రేకుల లాంటి గట్టి, మెరవని వస్తువుల ఉష్ణోగ్రతకు అది బాగా పనిచేస్తుంది, మీ అడ్డు రేకు మురికి పట్టాక ఎంత వేడెక్కిందో చూడటానికీ పనికొస్తుంది. మెరిసే రేకును మాత్రం దాంతో నేరుగా చూడకండి, ఎదుటి మంట ప్రతిబింబాన్నే చదువుతుంది. రేకు మీద ఒక నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, ఆ ముక్కను గురి చూడండి.

రెండు బిళ్ళల రీడింగులు వచ్చాక దూరం, ఎత్తు, పిప్పి తోసిన సమయాలతో కలిపి ఇక్కడే పెట్టండి, వాలులు చూసి చెప్తాను.